“సాహసవతి” అంటే సరిపోతుందా? 1816 నాటి కథానాయికకు ఒక మాట కావాలి

కలంపోటు:
అందరికీ నమస్కారం. రీజెన్సీ కాలపు ఇంగ్లండు నేపథ్యంగా తెలుగులో ఒక ప్రేమకథ రాస్తున్నాను. మూడో జార్జి రాజుకు మతి చలించడంతో ఆయన కొడుకు రాజప్రతినిధిగా రాజ్యం నడిపిన రోజులవి, 1811 ఫిబ్రవరి నుంచి 1820 జనవరి దాకా. నా కథ 1816 వేసవిలో జరుగుతుంది. నాయికకు ఇరవై రెండేళ్లు, తల్లీతండ్రీ లేరు. పదిహేడేళ్ల చెల్లెలు ఒక సైనికాధికారితో లేచిపోయి స్కాట్లండు సరిహద్దులోని గ్రెట్నా గ్రీన్ దారి పట్టిందని తెలుస్తుంది. వాళ్లను ఆపడానికి ఈవిడ రాత్రి పదకొండింటికి లండన్‌లో టపా బండెక్కుతుంది. వెంట ఎవరూ లేరు.

“ఆమె స్వతహాగా సాహసవతి” అని రాసి ఆగిపోయాను. చదువుకుంటే సన్మానపత్రంలా ఉంది. సాహసి, ధీర, ధైర్యశాలి, వీరనారి అన్నీ పెట్టి చూశాను, ఏదీ అతకడం లేదు. మీరేమంటారు?

చింతచిగురు:
“మగరాయుడు” అనండి, గొడవ వదిలిపోతుంది.

కలంపోటు:
వదలదండీ. చెట్టెక్కే పదేళ్ల పిల్లను అంటే ముద్దు. ఇరవై రెండేళ్లదాన్ని అంటే దీనికిక పెళ్లవుతుందా అన్న బెంగ.

తాటాకు:
కలంపోటు గారూ, “ధీర” జోలికి మాత్రం వెళ్లకండి. అలంకారశాస్త్రంలో దానికి వేరే పని ఉంది. తప్పు చేసి వచ్చిన ప్రియుడి మీద కోపాన్ని బయటపెట్టకుండా వెటకారంతోనో, అతిమర్యాదతోనో పొడిచేది ధీర. ఏడ్చి, పరుషంగా నాలుగూ అనేది అధీర. రెండూ కలిస్తే ధీరాధీర. టపా బండికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఆ మాటకొస్తే మన లాక్షణికులు నాయకుణ్ణి స్వభావాన్ని బట్టి విడదీశారు: ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు. నాయిక దగ్గరికి వచ్చేసరికి ప్రియుడితో ఆవిడ పరిస్థితి ఏమిటన్నదే లెక్క, దాన్ని బట్టే ఎనిమిది పేర్లు. వాడు పక్కనుంటే స్వాధీనపతిక, దూరదేశం పోతే ప్రోషితభర్తృక, వేరొకతె దగ్గర్నుంచి తెల్లారి వస్తే ఖండిత. కాలు బయటపెట్టేదల్లా అభిసారిక. చీకటి రాత్రికి నల్లచీర, వెన్నెల రాత్రికి తెల్లచీర కట్టి బయల్దేరుతుంది. భలే మనిషే, కాదనను. కానీ ఆవిడా వెళ్లేది వాడి కోసమే. మీ నాయిక వెళ్తున్నది చెల్లెలి కోసం. ఆ ఎనిమిది పేర్లలో ఆవిడకు చోటు లేదు.

పిల్లకాలువ:
విప్రలబ్ధ కూడా వెళ్లిందే కదా మాష్టారూ, సంకేతస్థలానికి?

తాటాకు:
వెళ్లింది. వాడు రాకపోవడం వల్ల ఆ పేరొచ్చింది గానీ, తను వెళ్లినందుకు కాదు.

ఇక “సాహసం” సంగతి. సహస్ అంటే బలం. బలం చూపించి, వెనకాముందూ ఆలోచించకుండా చేసే పని సాహసం. ధర్మశాస్త్రాల్లో ఇది నేరం పేరు. కళ్లెదుటే బలవంతంగా లాక్కుంటే సాహసం, చాటుగా తీసుకుంటే దొంగతనం. యాజ్ఞవల్క్య స్మృతిలో సాహసానికి ప్రత్యేకంగా ఒక ప్రకరణమే ఉంది. జరిమానాలకూ అదే పేరు పెట్టారు. మనువు లెక్కలో ప్రథమ సాహసం 250 పణాలు, మధ్యమ సాహసం 500, ఉత్తమ సాహసం 1000. ఇవాళ “ఉత్తమ సాహసం” అంటే పతకం ఇస్తారనుకుంటాం, అప్పట్లో కొంప కొల్లేరయ్యేది. సంస్కృత కవి భారవి “సహసా విదధీత న క్రియామ్” అన్నది ఈ కుటుంబపు మాటతోనే: తొందరపడి ఏ పనీ చేయకు అని.

మగవాడికి ఇదే మాట బిరుదైంది. విక్రమార్కుడు సాహసాంకుడు. ఆడదానికో? చాణక్యుడి పేరు మీద తిరిగే నీతిశ్లోకాల్లో “అనృతం సాహసం మాయా” అని మొదలుపెట్టి “స్త్రీణాం దోషాః స్వభావజాః” అని ముగించేది ఒకటుంది. అబద్ధం తర్వాత రెండో దోషం సాహసమే. ఇంకో శ్లోకంలో “సాహసం షడ్గుణం చైవ”, అంటే మగవాడికంటే ఆరింతలట. పొగడ్త అనుకునేరు! పక్కనున్నవి ద్విగుణమైన ఆహారం, అష్టగుణమైన కామం. మీ “సాహసవతి” సన్మానపత్రంలా వినపడుతోందన్నారు. సంస్కృతం చదివిన చెవికి ఛార్జిషీటులా కూడా వినపడుతుంది.

నీలిమందు:
ఇంగ్లీషులోనూ ఇదే తంతు. అడ్వెంచరర్ అన్నా అంత పెద్దమనిషి కాదు గానీ, సముద్రాలు దాటినవాడు, కత్తి పట్టినవాడు అన్న మెరుపు కొంత ఉంటుంది. అదే అడ్వెంచరెస్ అంటే, డబ్బున్నవాణ్ణి వల్లో వేసుకోవడానికి తిరిగే మనిషి. కాబట్టి మీ నాయికను లండన్ సొసైటీలో ఎవరైనా “సాహసి” అన్నారంటే మెచ్చుకుంటున్నట్టు కాదు.

మాట తర్వాత దొరుకుతుంది, ముందు ఆ కాలపు ఆడవాళ్లు నిజంగా ఎలా తెగించారో చూడండి. లేడీ హెస్టర్ స్టాన్‌హోప్. ప్రధానమంత్రి చిన్న పిట్‌కు మేనకోడలు, ఆయన ఇంటి వ్యవహారాలు చూసుకున్న మనిషి. 1810లో ఇంగ్లండు వదిలింది, మళ్లీ రాలేదు. 1811లో రోడ్స్ దీవి దగ్గర ఓడ పగిలి బట్టలన్నీ సముద్రం పాలయ్యాయి. దొరికినవి తురుష్క పురుషుల దుస్తులు. అవే తొడుక్కుంది, ఆ తర్వాత ఇష్టపడి అవే ఉంచుకుంది. 1813లో ఎడారి దాటి సిరియాలోని పాల్మైరా చేరింది. 1815లో పాలస్తీనాలోని అష్కెలోన్‌లో తవ్వకాలు చేయించింది. అయితే చూడండి, ఆవిడకు ప్రభుత్వం ఏటా 1,200 పౌండ్ల పింఛను ఇచ్చింది. ఈ నవలలు రాసేవాళ్లు చాలామంది మింగేసేది ఈ సంగతే. నాయిక గుర్రాలెక్కుతుంది, ఓడలెక్కుతుంది, ఖర్చెవరిదో కథలో ఉండదు. పెళ్లయిన ఆడదాని డబ్బు చట్టప్రకారం మొగుడిది. ఇరవై ఒక్కేళ్లు నిండని పిల్ల డబ్బు మీద సంరక్షకుడి చెయ్యి. మీ నాయిక బండి టిక్కెట్టు దేంతో కొంది?

ఇంకోవైపు మేరీ ఆనింగ్. లైమ్ రీజిస్ అనే సముద్రతీరపు ఊళ్లో వడ్రంగి కూతురు. తండ్రి పోయాక సముద్రపు కొండచరియల్లో శిలాజాలు ఏరి అమ్ముకుని బతికారు. 1811లో అన్న ఒక పెద్ద తలకాయ కనిపెడితే, మిగతా ఒళ్లు 1812లో ఈ పిల్ల కనిపెట్టింది. అప్పటికి పన్నెండు పదమూడేళ్లు ఉంటాయి. అదే ఇక్తియోసారస్ అనే ప్రాచీన సముద్రపు సరీసృపం. సుమారు 23 పౌండ్లకు అమ్మారు. చలికాలం చరియలు విరిగిపడినప్పుడే కొత్త ఎముకలు బయటపడతాయి, మళ్లీ అల వచ్చేలోగా తీసుకోవాలి. దీన్ని సాహసమంటారా, బతుకుతెరువంటారా?

కలంపోటు:
టిక్కెట్టు డబ్బు గురించి నిజంగానే రాయలేదు. అమ్మ ముత్యాల చెవికమ్మలు తాకట్టు పెట్టిస్తాను.

పాతపెట్టె:
నేపథ్యం మీద రెండు ముక్కలు. మీ నాయిక స్థాయి ఆడపిల్ల దూరప్రయాణమంటే అద్దె గుర్రాలు మార్చుకుంటూ పోయే సొంత బండి లేదా పోస్ట్ షేజ్ అనే అద్దె బండి. అందులోనూ పక్కన పనిమనిషి ఉండాల్సిందే. టపా బండిలో లోపల నలుగురికే చోటు, ముక్కూమొహం తెలియని మగవాళ్ల మోకాళ్లకు మోకాళ్లు తగులుతుంటాయి. గార్డు దగ్గర తుపాకీ, బూర. బూర వినగానే సుంకం గేట్లు తెరుచుకోవాలి, టపాకు సుంకం లేదు. అందుకే టపా బండి వేగం. మూడు వందల మైళ్ల పైచిలుకు దారి, రాత్రీ పగలూ ఆగదు. పనిమనిషి లేకుండా ఆ బండి ఎక్కడంలోనే మీకు కావలసినదంతా ఉంది. దోపిడీ దొంగను తెచ్చి పెట్టకండి దయచేసి.

రెండోది, గ్రెట్నా ఎందుకో పాఠకుడికి చెప్పండి. 1753 చట్టం వల్ల ఇంగ్లండులో ఇరవై ఒక్కేళ్లు నిండనివాళ్లు లైసెన్సు మీద పెళ్లాడాలంటే పెద్దల సమ్మతి కావాలి. స్కాట్లండులో ఆ బాదరబందీ లేదు. అమ్మాయికి పన్నెండు, అబ్బాయికి పద్నాలుగు నిండితే చాలు, ఇద్దరు సాక్షుల ముందు మాట అనుకుంటే పెళ్లయినట్టే. సరిహద్దు దాటగానే తగిలే ఊరు గ్రెట్నా, అక్కడి కమ్మరి దాగలి దగ్గర పెళ్లిళ్లు. పదిహేడేళ్ల చెల్లెలికి ఆ అవసరం ఉంది. ఇరవై రెండేళ్ల అక్కకు లేదు, ఆవిడ లండన్‌లోనే ఎవరినైనా చేసుకోవచ్చు. ఈ తేడా వాడుకోండి.

1816 ఎంచుకోవడం బాగుంది. అంతకుముందు ఏడాది ఏప్రిల్‌లో తంబోరా అగ్నిపర్వతం పేలింది. దాని వల్ల యూరప్‌కు 1816లో వేసవే రాలేదు. జులైలో చలి, వాన, బురద, కుళ్లిన పంటలు. కారణం అప్పటివాళ్లకు తెలియదు కాబట్టి మీ పాత్రల నోట పలికించొద్దు, బురద మాత్రం చక్రాలకు అంటించండి.

తాటాకు:
1816 అంటే మద్రాసులో క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణం అచ్చయిన ఏడు కూడా. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని ఎల్లిస్ వాదించింది అందులోనే. మరుసటేడు బ్రౌన్ మద్రాసులో దిగాడు. చెల్లెలి సైనికాధికారిని చివర్లో మద్రాసు పంపే ఉద్దేశముంటే చెప్పండి, ఒక మున్షీని చూసిపెడతాను.

చింతచిగురు:
మగరాయుడు వద్దన్నారు సరే. మాట ఇదిగో: తెగువ. తెగు నుంచి వచ్చింది. నిఘంటువులో “తెగువరి” కూడా ఉంది, నేర్పరి, గడుసరి లాగా. ఇందులో బలప్రదర్శన లేదు, జరిమానా లేదు. పోతే పోనీ అని ఏదో ఒకటి తెంచుకోవడం ఉంది. మీ నాయిక తెంచుకుంటున్నది పరువు కదా.

ఇంకా చూడండి, బరితెగించడం కూడా అదే తెగు. బరి అంటే హద్దుగా గీసిన గీత, మా వైపు కోడిపందేలకు గీసేదే. మగవాడు ఎన్నికల బరిలో దిగాడంటే శభాష్. ఆడది బరి తెగించిందంటే ఇంటి కోడలిగా పనికిరాదు. ఒకే ధాతువు, రెండు నోళ్లు. కథకుడి నోట “తెగువ” రానివ్వండి, పిన్నమ్మ నోట “బరితెగించింది” రానివ్వండి. మనిషి ఒక్కతే, చేసిన పనీ ఒక్కటే. ఇక సాహసవతితో పనేముంది?

పిల్లకాలువ:
“తెగువరి” వాడొద్దు, ఎవరికీ అర్థం కాదు. మిగతాదానికి రెండు చేతులూ ఎత్తి దండం.

నీలిమందు:
అల్మాక్స్ సభ కూడా బరే, ఆలోచించండి. ప్రతి బుధవారం రాత్రి నాట్యం, పెద్దింటి ఆడవాళ్లే కమిటీ, వాళ్లు చీటీ ఇస్తేనే ప్రవేశం. ఎంత డబ్బున్నా వాళ్లు కాదంటే కాదు. ఇంగ్లండులో ఆ గీత గీసింది మగవాళ్లొక్కరే కాదు.

కలంపోటు:
“స్వతహాగా సాహసవతి” కొట్టేశాను. ఇప్పుడిలా ఉంది, చూడండి:

“లోపలి నాలుగు చోట్లలో మూడింట మగవాళ్లే. ఆమె నాలుగో చోట కూర్చుని, టోపీ రిబ్బను విప్పి మళ్లీ గట్టిగా ముడేసింది. చెవులు బోడిగా ఉన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఎదుటి పెద్దమనిషి పత్రిక దించి, ‘మీవాళ్లెవరూ రాలేదా అమ్మా?’ అన్నాడు. ‘ముందు బండిలో వెళ్లారు’ అంది. అందులో అబద్ధమేమీ లేదు.”

మర్నాడు పొద్దున పిన్నమ్మ కాఫీ తాగుతూ “చిన్నది లేచిపోయింది, పెద్దది బరితెగించింది” అంటుంది. తెగువ అన్న మాట ఇంకా ఎక్కడా వాడలేదు. దాన్ని హీరోకు దాచాను, నూట యాభయ్యో పేజీలో అంటాడు.

తాటాకు:
చెవులు బోడిగా ఉండటం బాగుంది. పత్రిక దించిన పెద్దమనిషి గొంతులో మర్యాద ఉంది, చూపులో లేదు. అలాగే ఉంచండి.

పాతపెట్టె:
ఒక్కటే అభ్యంతరం. రాత్రి పదకొండింటికి లండన్‌లో టపా బండి దొరకదు. ఉత్తరాల సంచులు ఎక్కించుకుని లాంబార్డ్ వీధి టపా కచేరీ నుంచి బండ్లన్నీ రాత్రి 8కే కదిలిపోతాయి, ఎవరి కోసమూ ఆగవు.

కలంపోటు:
అయ్యో, ఆ వేళకు వాళ్లింట్లో అతిథులతో విందు నడుస్తోంది. అంటే పన్నెండు మంది చూస్తుండగా బల్ల దగ్గర్నుంచి లేచి పోవాలి. ఇదే నయం, మొదటి అధ్యాయం మళ్లీ రాస్తున్నాను.