ట్రైక్ కోసం మూసి ఉన్న ట్రైలర్: 6×12 అడుగులది చాలా, 7×14 కావాలా?

అందరికీ నమస్కారం. మేం డాలస్‌లో ఉంటాం. మోకాలి ఆపరేషన్ తర్వాత రెండు చక్రాల బండి వదిలేసి హార్లే ట్రై గ్లైడ్ అనే మూడు చక్రాల మోటార్‌సైకిల్ (ట్రైక్) కొన్నాను. ఆగస్టులో సౌత్ డకోటాలో జరిగే స్టర్జిస్ మోటార్‌సైకిల్ ర్యాలీకి తీసుకెళ్లాలి, వెయ్యి మైళ్లకు పైనే దూరం. దారిలో వడగళ్ల భయం, అందుకే మూసి ఉన్న ట్రైలరే కావాలి.

బండి బరువు దాదాపు 1,240 పౌండ్లు, వెడల్పు 55 అంగుళాలు. 6 అడుగుల ట్రైలర్‌లో పడుతుంది గానీ, పక్కన వంగి వెనక చక్రాలకు బెల్టులు బిగించే చోటుంటుందా? ఇప్పుడు నా మోకాలితో అదే పెద్ద విషయం. రెండు యాక్సిళ్ల 7×14 నయమనిపిస్తోంది, కానీ మా కారు లాగేది 5,000 పౌండ్లే. ర్యాంపు ఎక్కేటప్పుడు బండి కింది భాగం తగులుతుందేమోనని ఇంకో టెన్షన్. హిచ్ (కారుకు ట్రైలర్ తగిలించే చోటు) మీద ట్రైలర్ మొత్తం బరువులో 10-15 శాతం పడాలంటే బండిని ఎంత ముందుకు కట్టాలి? ట్రైక్ ఇలా తీసుకెళ్లినవాళ్లు దయచేసి చెప్పండి.