కడప ఫ్లైట్ ఎప్పుడూ సబ్సిడీ మీదే నడవాలా? ట్రూజెట్, ఎయిర్ కోస్టా ఎందుకు నిలబడలేదు?

రాత్రిబస్సు:
"తెలుగువాళ్లకంటూ ఒక ఎయిర్‌లైన్ ఉండాలి" అని మళ్లీ మొదలుపెట్టారు కొందరు. రెండు చూశాం కదండీ. విజయవాడ ఎయిర్ కోస్టా 2013 అక్టోబర్‌లో వచ్చి 2017 ఫిబ్రవరి 28న ఆగింది. హైదరాబాద్ ట్రూజెట్ 2015 జూలైలో వచ్చి 2022 ఫిబ్రవరిలో ఆగింది. ఒకదాని వెనక ఎల్ఈపీఎల్ గ్రూపు, ఇంకోదాని వెనక మేఘా. పైగా రామ్‌చరణ్ ప్రచారం. డబ్బుకు, పేరుకు లోటేమీ లేదు.

చిన్న ఊళ్ల ఫ్లైట్లకు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం ఉడాన్ మీద, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023లో ఇచ్చిన రిపోర్టు చూడండి. 774 రూట్లు కేటాయిస్తే 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో సబ్సిడీ ఇచ్చే మూడేళ్లూ నడిచినవి 112. సబ్సిడీ గడువు దాటాక 2023 మార్చి నాటికి మిగిలినవి 54. వందకి ఏడు! ఆ డబ్బేదో రైళ్లకు పెడితే పదిమందికీ పనికొచ్చేది. నేను చెప్పేది తప్పయితే లెక్కలతో చెప్పండి, సెంటిమెంటుతో వద్దు.

కడపోడు:
రైలు సంగతి మాకు చెప్పాల్నా అన్నా? వెంకటాద్రి ఎక్కి పెరిగినోళ్లం.

2015 జూన్‌లో ఎయిర్‌పోర్టు తెరిచినారు. ఎయిర్ పెగాసస్ బెంగుళూరుకు ఫ్లైట్ వేసింది, ఏడాది తిరిగేసరికి కంపెనీయే ఆగిపాయ. తర్వాత 2017 ఏప్రిల్ 27, ఉడాన్ మొదటి రోజు. సిమ్లా, నాందేడ్‌తో పాటు మా కడప కూడా. ట్రూజెట్‌లో సగం సీట్లు గంట ప్రయాణానికి రెండున్నర వేలు. అదీ పాయ. 2022లో ఇండిగో వచ్చింది, దానికీ రాష్ట్ర ప్రభుత్వం లోటు పూడ్చాల్సి వచ్చింది. అంత పెద్ద కంపెనీయే ఊరికే రాలేదంటే తప్పు ట్రూజెట్‌ది ఎట్లయితాది?

ఇంకోటి. ఉడాన్ డబ్బులో పెద్ద వాటా ఢిల్లీ, ముంబై లాంటి పెద్ద రూట్లలో ఎగిరే ఫ్లైట్ల మీద వేసే లెవీ. రాష్ట్రం ఇచ్చేది 20 శాతం. దాన్ని రైలుకు మళ్లించేదానికి కుదరదు.

రాత్రిబస్సు:
లెవీ అయినా చివరికి టికెట్ కొన్నవాడి జేబులోదే కదా. సరే, కానీ మీరే ఒప్పుకుంటున్నారు, సబ్సిడీ లేకపోతే ఎవరూ రారని.

ర్యాంప్‌మీద:
కొన్నేళ్లు గ్రౌండ్ హ్యాండ్లింగ్‌లో పనిచేశాను, ఏ కంపెనీ అనేది వదిలేయండి. మీ ఇద్దరి వాదనా సబ్సిడీ దగ్గరే ఆగిపోయింది. ఎయిర్ కోస్టాకు ఉడాన్ సబ్సిడీ ఊసే లేదు, అది పడిపోయింది వేరే లెక్కలో.

మన రూల్స్‌లో 40 టన్నుల లోపు విమానానికి ఇంధనం మీద అమ్మకం పన్ను 4 శాతమే. 80 సీట్ల లోపైతే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎయిర్‌పోర్టుల్లో ల్యాండింగ్ ఛార్జీ మాఫీ. ఎయిర్ కోస్టా మొదట తెచ్చిన ఎంబ్రేయర్ 170లో 67 సీట్లు, రెండు రాయితీలూ దక్కాయి. తర్వాత 112 సీట్ల 190 తెచ్చారు. అది బరువులోనూ దాటింది, సీట్లలోనూ దాటింది. జైపూర్, అహ్మదాబాద్ దాకా వెళ్లి పెద్దవాళ్ల ఎయిర్‌బస్‌లతో పోటీ పడ్డారు. చేతి వేళ్ల మీద లెక్కపెట్టే విమానాలుండగానే 2014 ఫిబ్రవరిలో సింగపూర్‌లో 50 విమానాలకు ఆర్డర్ ప్రకటించారు! 2016 ఆగస్టులో లీజు గొడవతో ఫ్లైట్లు ఒకసారి ఆగాయి. ఆ తర్వాత ఎన్నాళ్లో సాగలేదు.

ట్రూజెట్ దారి వేరు, ఏటీఆర్ 72 అనే చిన్న ప్రొపెల్లర్ విమానం. చిన్న ఊరికి అదే సరైన బండి. దానికి నేల మీద కరెంటు ఇచ్చే చిన్న ఇంజిన్ వేరే ఉండదు. కుడి ఇంజిన్ ప్రొపెల్లర్‌కి బ్రేక్ వేసి, ఇంజిన్‌ని మాత్రం తిరగనిచ్చి కరెంటు, ఏసీ తీసుకుంటారు. ప్యాసింజర్లు వెనక తలుపు నుంచి ఎక్కుతుంటే సామాను ముందువైపు ఎక్కించేస్తాం. అరగంటలోపు మళ్లీ పంపించేయొచ్చు. ఎటొచ్చీ, ఉన్నవి నాలుగైదు విమానాలైతే పొద్దున ఒకటి మొరాయించిందా, ఆ రోజు మూడు నాలుగు ఊళ్లకు ఫ్లైట్లు పోయినట్టే. పెద్ద కంపెనీకి పక్కన ఇంకోటి ఉంటుంది. చిన్న కంపెనీకి స్పేర్ విమానం అంటే రోజంతా లీజు కడుతూ ఊరికే కూర్చోబెట్టడం.

గోదారోడు:
బాగా చెప్పారండి. మా రాజమండ్రి సంగతి కూడా కలుపుకోండి మరి. ట్రూజెట్ మా ఊరికి వచ్చింది ఉడాన్ పుట్టకముందే, సొంత రిస్కు మీద. 2017 డిసెంబర్‌లో ఇండిగో హైదరాబాద్ నుంచి ఏటీఆర్‌లు మొదలెట్టింది. తిరుపతి, రాజమండ్రి రెండు చోట్లా పక్కనే వచ్చి కూర్చుంది. ఇప్పుడు మా ఊరి నుంచి ముంబై, ఢిల్లీలకు నేరుగా ఎయిర్‌బస్సే ఎగురుతోంది. జనం లేరంటే నేనొప్పుకోనండి. జనాన్ని అలవాటు చేసినోడొకడు, తిన్నోడొకడు.

కువైట్‌లో రాజంపేట:
అందరూ హైదరాబాద్ బిజినెస్ వాళ్ల గురించే మాట్లాడుతుండారు. కడప ఎయిర్‌పోర్టు చుట్టూ రాజంపేట, రాయచోటిలో ఇంటికొకరు కువైట్‌లో ఉంటారు. మేం ఎక్కినామా ఆ ఫ్లైట్? లేదు. ఎందుకంటే కువైట్ టికెట్‌కి 30 కేజీలు, ఇక్కడ డొమెస్టిక్‌కి 15. మిగిలిన దానికి కేజీ లెక్కన కట్టల్ల. రెండూ వేరే టికెట్లు, చిన్న ఫ్లైట్ లేటయి పెద్ద ఫ్లైట్ పోతే మన ఖర్మ. అందుకే చెన్నైలోనో బెంగుళూరులోనో దిగి, ఇంటోళ్లు పంపిన కారులో అట్టపెట్టెలు పైన కట్టుకుని పోతాం. ఒకే టికెట్, ఒకే బరువు పెట్టి ఉంటే కడపలో దిగేదానికి మాకేం నొప్పి?

ర్యాంప్‌మీద:
అసలు పాయింట్ ఇదేనన్నా. పెద్ద ఎయిర్‌లైన్‌తో టికెట్ ఒప్పందం లేకుండా చిన్న ఎయిర్‌లైన్ ఒంటరిగా బతకడం కష్టం. అలయన్స్ ఎయిర్ ఎయిరిండియా నీడలో అన్నేళ్లు నడిచింది అందుకే.

రాత్రిబస్సు:
అయితే తెలుగు ఎయిర్‌లైన్ కావాలనే మాట మీరే కొట్టేస్తున్నారు! పెద్దవాడి కింద చేరేటప్పుడు సొంత జెండా ఎందుకు? ఇండిగోకే ఆ సబ్సిడీ ఇచ్చి కువైట్ టికెట్ కలపమనండి.

కడపోడు:
ఒక్కడికే ఇస్తే, రేపు వాడు ఇంకో ఊరికి విమానం మళ్లిస్తే అడిగేదెవరు? లాభం రాకుంటే వాళ్లు కడప కోసం ఆగరు. ట్రూజెట్‌కి రూట్ల మీద గుత్త హక్కు మూడేళ్లే ఇచ్చినారు. లెక్క ప్రకారం మూడేళ్లు నిండే 2020 ఏప్రిల్ 27కి దేశంలో విమానాలన్నీ లాక్‌డౌన్‌లో ఉండె. ఏడెనిమిదేళ్లు ఇచ్చి చూడండి, సబ్సిడీ మాత్రం ఏటా తగ్గించుకుంటూ రాండి.

రాత్రిబస్సు:
ఎనిమిదేళ్లంటే ఎనిమిదేళ్లూ పోటీ లేకుండా ఒకడే రేటు చెబుతాడు. సబ్సిడీ లేని మిగతా సగం సీట్లకి పండగ రోజుల్లో ఎంత లాగుతారో అందరికీ తెలుసు. ఆ సీట్లకూ పరిమితి పెడతానంటే నేను ఒప్పుకుంటా.

గోదారోడు:
వాటికీ పరిమితి పెడితే ఇక ఏ కంపెనీ వస్తుందండీ, మీ రాత్రిబస్సు తప్ప?