2008 చార్జర్స్ సీజన్ డైస్‌తో మళ్ళీ ఆడుతున్నా, మనోళ్ళు గెలిచేస్తున్నారు. ఎక్కడ తప్పు చేశా?

ఉప్పల్_గ్యాలరీ:
అన్నలూ, నాదో వింత కష్టం. 2008 ఐపీఎల్‌లో అప్పటి మన హైదరాబాద్ జట్టు దక్కన్ చార్జర్స్ ఆడిన మ్యాచ్‌లు టేబుల్ మీద డైస్‌తో మళ్ళీ ఆడుతున్నా. నిజంలో 14 ఆడి 2 గెలిచి అట్టడుగున నిలిచాం, ఉప్పల్‌లో అయితే ఒక్కటీ లేదు. నా టేబుల్ మీద 9 అయ్యేసరికి 6 గెలిచాం. సంతోషించాల్సింది పోయి అనుమానం పట్టుకుంది.

ఈ పిచ్చి ఎలా అంటిందో చెప్తా. ఇక్కడ న్యూజెర్సీలో మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉన్నాడు. స్ట్రాట్-ఓ-మ్యాటిక్ అని 1961 నుంచి ఉన్న బేస్‌బాల్ ఆట ఆడతాడు. న్యూయార్క్ మెట్స్ జట్టు 1969 సీజన్, 162 మ్యాచ్‌లు, డైనింగ్ టేబుల్ మీద ఒక్కడే కూర్చుని, పెన్సిల్‌తో స్కోరు రాసుకుంటూ! మొదట నవ్వొచ్చింది. ఒక శనివారం నన్నూ కూర్చోబెట్టాడు. ఒక్కో ఆటగాడికి ఒక కార్డు, అతని నిజం లెక్కల్ని బట్టి ఫలితాలు దాని మీద రాసుంటాయి. మూడు డైస్. మొదటిది 1 నుంచి 3 పడితే బ్యాటర్ కార్డు, 4 నుంచి 6 పడితే పిచర్ (మన బౌలర్ లాంటివాడు) కార్డు చూడాలి. కార్డులో మూడు నిలువు వరసలుంటే, ఏది చూడాలో కూడా ఆ అంకే చెప్తుంది. మిగతా రెండూ కలిపి ఎంతొస్తే ఆ వరసలో ఏముందో అదే జరిగినట్టు. ఆ రాత్రి ఇంటికొచ్చి పాత స్కోరుకార్డులు ముందేసుకుని క్రికెట్ కార్డులు చేయడం మొదలెట్టా.

2008 సీజనే ఎందుకంటే, ఏప్రిల్ 24న నేను ఉప్పల్ స్టేడియంలో ఉన్నా. సైమండ్స్ 53 బంతుల్లో 117 నాటౌట్. మనం 214 కొట్టాం. రాజస్థాన్‌కి చివరి ఓవర్లో 17 కావాలి, బంతి మళ్ళీ సైమండ్స్ చేతికే ఇచ్చారు. వార్న్ ఒక ఫోరు, రెండు సిక్సులు బాదాడు. ఇంకో బంతి మిగిలుండగానే అయిపోయింది. తిరుగు బస్సులో కండక్టర్ కూడా మాట్లాడలేదు.

ఇంతకీ నా కార్డులు తప్పా, లేక అప్పట్లో మనకి టైం బాలేదా?

గుంటూరు_గూగ్లీ:
బ్రో, ఒకే ప్రశ్న. సైమండ్స్‌ని ఎన్ని మ్యాచ్‌లు ఆడించావు?

ఉప్పల్_గ్యాలరీ:
తొమ్మిదీ.

గుంటూరు_గూగ్లీ:
😂 దొరికావు. ఆయన కొన్ని మ్యాచ్‌లు ఆడి వెస్టిండీస్ టూర్‌కి వెళ్ళిపోయాడు కదా. లక్ష్మణ్ కూడా దెబ్బ తగిలి మధ్యలో తప్పుకుంటే గిల్లీ (గిల్‌క్రిస్ట్) కెప్టెన్ అయ్యాడు. నీ టేబుల్ మీద ఎవరికీ దెబ్బ తగలదు, ఎవరికీ నేషనల్ డ్యూటీ ఉండదు. పైగా సైమండ్స్‌ది కొద్ది ఇన్నింగ్స్‌లోంచి తీసిన కార్డు, అందులో ఒకటి 117. ఆ కార్డు పద్నాలుగు మ్యాచ్‌లు ఆడితే ఇంకేముంది, బ్రాడ్‌మనే. సీజన్లు రీప్లే చేసేవాళ్ళందరూ పెట్టుకునే రూల్ ఒకటుంది: నిజంలో ఎన్ని బంతులు ఆడాడో అన్నే, ఆ తర్వాత బెంచీ.

పాచికల_మాస్టారు:
నాయనా, నేను రిటైరైన లెక్కల మాస్టారిని, రాజమండ్రి. పై అబ్బాయి చెప్పింది సగం. మిగతా సగం నీ కార్డుల్లో ఉందని నా అనుమానం. ఉదాహరణకి ఒక బ్యాటర్ వంద బంతులకి 10 సిక్సులు కొట్టాడనుకో. నువ్వు కార్డులో ఎన్ని పెట్టావు? పదేనా?

ఉప్పల్_గ్యాలరీ:
పదే పెట్టా మాస్టారూ. అంతే కదా కొట్టింది?

పాచికల_మాస్టారు:
అక్కడే బోల్తా పడ్డావు. ఆ కార్డు నువ్వు చూసేది సగం బంతులకే. మిగతా సగం బౌలర్ కార్డు మాట్లాడుతుంది. లీగ్ సగటు వందకి 5 అనుకుంటే, పదీ ఐదూ కలిసి ఏడున్నర అవుతుంది. పది రావాలంటే కార్డులో 15 పెట్టాలి. అంటే అతని లెక్కని రెట్టింపు చేసి లీగ్ సగటు తీసెయ్యి. బౌలర్లకీ ఇదే సూత్రం. నువ్వు చేసిన పద్ధతిలో గొప్పవాడు కిందికి దిగుతాడు, నాసివాడు పైకి ఎక్కుతాడు. అట్టడుగు జట్టుకి ఇంతకన్నా వరం ఏముంది!

ఇంకో మాట. రెండు డైస్ కలిపితే 7 రావడానికి 36లో 6 దారులు, 2కి ఒక్కటే దారి. వరసలన్నీ సమానం అనుకుని నింపలేదు కదా? మూడు నిలువు వరసలకి మూడు ముప్పయ్యారులు, ఒక్కో కార్డుకి సరిగ్గా 108 అవకాశాలు. అష్టోత్తరం చేస్తున్నట్టు ఒక్కోటి లెక్కపెట్టుకుని నింపు. మేం చిన్నప్పుడు ఆడిన బుక్ క్రికెట్‌లో ఈ గోలే లేదు. ఎడమ పేజీ చివరి అంకె 0, 2, 4, 6, 8; సున్నా వస్తే అవుట్. ఐదు బంతులకో వికెట్! సోషల్ పుస్తకంలో గవాస్కర్ ఎన్నిసార్లు డకౌటయ్యాడో ఆయనకి తెలిస్తే బాధపడేవాడు.

సున్నా_నాటౌట్:
టైం సంగతీ ఉంది అన్నా. వందకి 35 మ్యాచ్‌లు గెలిచే సత్తా ఉన్న జట్టుకి కూడా, 14 ఆడితే 2 లేదా అంతకన్నా తక్కువ గెలుపులు రావడం పన్నెండు సీజన్లలో ఒకసారి జరుగుతుంది. కాబట్టి కార్డులు సరిచేశాక 4, 5 గెలిస్తే కంగారు పడకు. రెండే రావాలని మాత్రం కార్డులు చెక్కకు. మరుసటి ఏడాది కప్పు తెచ్చింది కూడా ఈ జట్టే కదా.

ఉప్పల్_గ్యాలరీ (మూడు వారాల తర్వాత):
మాస్టారూ, 7 వరస గురించి అడిగారు కదా, అవును, అదీ తప్పే చేశా. సిగ్గేసి అప్పుడు చెప్పలేదు. ఎనిమిది జట్ల కార్డులూ చించేసి మళ్ళీ రాశా. మా ఆవిడ అయితే ఇన్‌కమ్ ట్యాక్స్ ఫైల్ చేస్తున్నా అనుకుంది.

సైమండ్స్‌కి బంతుల లెక్క పెట్టా. కొత్త కార్డులతో మొదటి నుంచి మొదలెట్టి, నిన్న రాత్రి ఏప్రిల్ 24 మ్యాచ్‌కి వచ్చా. మనం 188. చివరి ఓవర్లో వాళ్ళకి 11 కావాలి, క్రీజులో వార్న్ లేడు. ఈసారి బంతి సైమండ్స్‌కి ఇచ్చే ప్రసక్తే లేదని వేరేవాడికిచ్చా.

నాలుగు బంతుల్లో కొట్టేశారు.