అప్‌డేట్: చిన్న శవపేటిక ఉన్న బొమ్మ సంగతి తేలింది

1766లో లండన్‌లో అచ్చయిన ‘ది రిపీల్’ (అంటే ‘రద్దు’) అనే వ్యంగ్య చిత్రం ప్రింటులో శవపేటిక ఎవరిదని, ఒకే బొమ్మ ఇన్ని రకాలుగా ఎందుకు దొరుకుతోందని మొన్న అడిగాను కదా. పేటికలో ఉన్నది మనిషి కాదు, స్టాంపు పన్ను చట్టం, అంటే అమెరికా వలసల్లోని కాగితాలపై బ్రిటన్ వేసిన పన్ను. పుట్టింది 1765లో, పోయింది 1766లో. అందుకే పసిబిడ్డకు సరిపోయేంత పేటిక! దాన్ని మోస్తున్నది ఆ పన్ను తెచ్చిన జార్జ్ గ్రెన్‌విల్. వెనుక ఏడుస్తూ వస్తున్నది మాజీ ప్రధాని బ్యూట్ ప్రభువు. రేవులోని ఓడల పేర్లు రాకింగ్‌హామ్, గ్రాఫ్టన్, కాన్వే. రద్దు చేయించిన మంత్రులవే.

ఇక నకళ్లు. గీసిన బెంజమిన్ విల్సన్ తన పేరు వేసుకోలేదు. ఇలాంటి బొమ్మలను రాగి పలకపై చెక్కి అచ్చు వేసేవారు. బ్రిటన్‌లోని 1735 చట్టం ప్రకారం హక్కుదారు పేరు, తేదీ ఆ పలకపైనే చెక్కితే నకళ్ల నుంచి 14 ఏళ్ల రక్షణ. పేరు లేకపోవడంతో ఆ రక్షణ దక్కలేదు. అసలు ధర షిల్లింగు. నకలు అందులో సగానికే, ఆరు పెన్నీలకు అమ్మారు.

పోల్చేటప్పుడు మొదట కుడిఎడమలు చూడండి. ప్రింటును చూసి ఉన్నదున్నట్టు పలకపై చెక్కితే అచ్చులో తిరగబడుతుంది. అయితే తిరగబడలేదంటే అసలుదే అనుకోకూడదు, జాగ్రత్తపరులు ముందే తిప్పి గీసేవారు. పలక అంచు నొక్కిన గుర్తు కొలత, అక్షరాల వంపు కూడా సరిచూడాలి. అంచులు కత్తిరించేసిన ప్రతిలో ఆ గుర్తే ఉండదు.