ఒంటరిగా నడిచేవాళ్లు జింకను చూసి నేర్చుకోవలసింది ఉందా?

తెల్లవారి నడక:
హైదరాబాద్ వనస్థలిపురంలో, మహావీర్ హరిణ వనస్థలి అనే జింకల పార్కుకు దగ్గరలోనే మా ఇల్లు. ఉద్యోగ విరమణ తరువాత వారానికి రెండుసార్లు అక్కడికి వెళ్లి జింకలను చూడడం అలవాటైంది. దుప్పుల గుంపులో అన్నీ ఒకేసారి తల వంచి మేయవు. ఒకటి తల ఎత్తి చెవులు తిప్పుతుంది, అది దించేలోగా మరొకటి ఎత్తుతుంది. అనుమానం వస్తే వెంటనే పరుగెత్తదు. ఆ దిక్కుకే తిరిగి నిలబడి, ముందుకాలితో నేలను తన్నుతుంది. ‘నిన్ను చూశాను’ అని చెప్పడమన్నమాట. పొంచి పట్టే మృగానికి తనను చూసేశారని తెలిస్తే సగం వేట చెడినట్టే. మన పిల్లలేమో చెవుల్లో ఇయర్‌ఫోన్లతో, ఫోనులో తల దూర్చి నడుస్తారు. తల ఎత్తండి, వెనక వచ్చేవాడి ముఖం ఒకసారి చూడండి. నేను చెప్పేది ఇంతే.

రాతిగుండు:
ఆ పార్కుకు పేరు వచ్చింది కృష్ణజింకల వల్ల. కృష్ణజింక మైదానాల్లో బతికేది. అపాయం కనిపిస్తే గాలిలోకి ఎగిరి గంతులు వేస్తూ దౌడు తీస్తుంది. ఇంతకీ ఏ జింకను చూసి నేర్చుకోమంటారు?

తెల్లవారి నడక:
అక్కడ రెండూ ఉన్నాయి. నేను దుప్పి అని స్పష్టంగా రాశాను.

చింతచిగురు:
ఏ జింకనైనా చూడండి కానీ, కుక్కల ముందు మాత్రం దౌడు తీయకండి. నిరుడు మా వీధి మలుపులో పరుగెత్తాను, కుక్క పిక్క కరిచింది. అంతకుముందు అది తోక ఆడిస్తుంటే స్నేహమే అనుకున్నాను. ఒళ్లు బిగించి, తోక నిటారుగా లేపి ఆడిస్తే స్నేహం కాదట. కదలకుండా నిలబడి, కళ్లలోకి చూడకుండా మెల్లగా వెనక్కి తగ్గాలి. కరిస్తే సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే టీకాకు వెళ్లాలి.

రాతిగుండు:
చూశారా! దుప్పి కళ్లలోకి చూడమంటుంది, కుక్క వద్దంటుంది. ఇదేం పాఠం?

ఆరో అంతస్తు:
మూడేళ్ల క్రితం నా మెడలో గొలుసు తెంపుకుపోయారు. నేను ఫోను చూడడం లేదు, తల ఎత్తే ఉన్నాను. బండి మీద వచ్చినవాడిని చూశాను, నేను చూశానని వాడికీ తెలుసు. నవ్వి, గుడికి దారి ఎటు అని అడిగాడు. నేను చెయ్యి చాపి చూపిస్తుండగానే లాగాడు. పోలీస్ స్టేషన్‌లో అడిగిన మొదటి ప్రశ్న, ఆ వేళప్పుడు బంగారం వేసుకుని ఎందుకు వెళ్లారని.

తెల్లవారి నడక:
అమ్మా, అంత దగ్గరికి రానివ్వడమే పొరపాటు. జింకకు కూడా ఒక గీత ఉంటుంది. అది దాటి ఎవరు వచ్చినా కదిలిపోతుంది.

ఆరో అంతస్తు:
నన్ను అమ్మా అనకండి. మళ్లీ పొరపాటు నాదే అయిందా? దారి అడిగిన ప్రతివాడినీ చూసి పక్కకు దూకుతూ బతకాలా? పులికి ఎవరూ బుద్ధి చెప్పలేరు కాబట్టి జింకకు భయం తప్పదు. ఆ బండి మీదివాడు పులి కాదు, ఎవరింటి కొడుకో. వాడి ఇంట్లో ఒక్కరైనా ఏమైనా నేర్పారా? పాఠాలన్నీ మెడలో గొలుసు ఉన్నవాళ్లకేనా?

చింతచిగురు:
ఆమె అన్నదాంట్లో తప్పేముంది?

రాతిగుండు:
దుప్పి నేల తన్నడం సంగతి ఇంకా తేలలేదు.

తెల్లవారి నడక:
కాస్త ఆగండి రాతిగుండు గారూ. మేడమ్, మా అమ్మాయి రాత్రి పదిన్నరకు ఎల్బీనగర్‌లో మెట్రో దిగుతుంది. ఆటో మా సందులోకి రాదు. వీధి దీపం వెలగడం లేదని నాలుగు అర్జీలు పెట్టాను. దొంగను కన్నవాళ్లు బుద్ధి చెప్పుకోవాలి, నిజమే. వాళ్లు చెప్పుకునేదాకా ఈ పిల్లకు నేనేం చెప్పను?

ఆరో అంతస్తు:
జింకల సంగతి ఆమెకు చెప్పారా? ఏమంది?

తెల్లవారి నడక:
ఇప్పుడు మీరన్నదే. గొంతు ఇంకాస్త పెద్దది.

రాతిగుండు:
వీడియో చూశాను. దుప్పి ముందుకాలితోనే తన్నుతోంది.