‘అంట’ అనే చిన్న మాట, ఒక కోర్టు నవల

(కావలి నుంచి)

అందరికీ నమస్కారం. ఇంటర్ పిల్లలకు తెలుగు చెబుతాను. ‘దృక్కోణం’, అంటే కథను ఎవరి కళ్లతో చెబుతున్నామన్నది, ఆ మాటకు అర్థం చెబితే మా పిలకాయలు నోట్‌బుక్‌లో బుద్ధిగా రాసుకుంటారు. కథ రాయమంటే మాత్రం ఒకే పేజీలో అందరి మనసుల్లోకీ దూరిపోతారు. ఈ ఏడాది ఆ పాఠాన్ని ఒక నవలతో చెప్పాను. చెబుతుంటే మన ‘అంట’ గురించి తట్టిన సంగతి మీ ముందు పెడుతున్నాను.

నవల వాల్టర్ డీన్ మైయర్స్ 1999లో రాసిన ‘మాన్‌స్టర్’, అంటే రాక్షసుడు. న్యూయార్క్‌లోని హార్లెంలో ఒక మందుల షాపు యజమాని దోపిడీలో చనిపోతాడు. స్టీవ్ అనే 16 ఏళ్ల కుర్రాడు ముందుగా లోపలికి వెళ్లి, అడ్డు ఎవరూ లేరని చూసొచ్చాడని కేసు. సినిమాలంటే ప్రాణం కాబట్టి తన విచారణనే సినిమా స్క్రిప్టులా రాసుకుంటాడు, మధ్యమధ్యలో డైరీ. స్క్రిప్టులో కెమెరాకు కనబడిందే ఉంటుంది. భయం, ఏడుపు, నిద్రపట్టని రాత్రులు డైరీలో ఉంటాయి. నేను రోజుకు కొంచెం చొప్పున తెలుగులో చెబుతూ వచ్చాను.

తర్వాత, ఆ షాపు మన ట్రంకు రోడ్డులో ఉందనుకుని ఒక్కొక్కరూ ఒక్కో మనిషిగా రాయమన్నాను. కుర్రాడి తల్లిగా రాసిన అమ్మాయి రెండే వాక్యాలు రాసింది. “మావాడు షాపు ముందర నిలబడినాడంట. మావాడికి ఏ పాపం తెలియదు.” మొదటిదానికి ‘అంట’ పెట్టి రెండోదానికి ఎందుకు పెట్టలేదమ్మా అని అడిగాను. కాసేపు ఆలోచించి, “మొదటిది పోలీసులు చెప్పింది మేడం, రెండోది అమ్మకు తెలిసింది” అంది. నేను నెల రోజులుగా చెప్పలేకపోయింది ఆ పిల్ల ఒక్క ముక్కలో చెప్పింది.

ఇక బోర్డు మీద మూడు వరసలు గీశాం. ‘పరిగెత్తాడు’ అంటే నా కళ్లతో చూశాను. ‘పరిగెత్తాడంట’ అంటే ఎవరో చెప్పారు. ‘పరిగెత్తినట్టుంది’ అంటే రొప్పుతున్నాడు కాబట్టి నేను ఊహించాను. పిల్లలు తమ కథలు తెచ్చుకుని ప్రతి క్రియనూ ఈ మూడింటిలో ఎక్కడ పెట్టాలో చూసుకున్నారు. ‘కానిస్టేబుల్‌కు జాలేసింది’ అని రాసిన అబ్బాయి తనే దాన్ని కొట్టేసి ‘జాలేసినట్టుంది’ అని మార్చాడు. ఆ కథలో చెప్పేది కానిస్టేబుల్ కాదు, ఎదురుగా నిలబడ్డ కుర్రాడు. వాడికి అవతలివాడి మనసు ఎలా తెలుస్తుంది? తన మనసైతే ‘నాకు భయమేసింది’ అని సూటిగా చెప్పగలడు.

ప్రాసిక్యూటర్ ఆ పిల్లాడిని రాక్షసుడు అంటుంది. అతను ఆ మాటనే తన సినిమాకు పేరుగా పెట్టుకుంటాడు. దీన్ని తెలుగులో ఎలా చెప్పాలని అడిగితే వెనక బెంచీ నుంచి వచ్చిన జవాబు: “నేను రాక్షసుడినంట.” ‘నేను’ పక్కన ‘అంట’ చేరేసరికి క్లాసంతా నిశ్శబ్దమైపోయింది. మాట వాళ్లది, మోసేది వీడు.

(ఒంగోలు నుంచి, ప్లీడరు గుమాస్తా)

అమ్మా, మీ మూడు వరసలు మా కోర్టులో రోజూ కనిపిస్తాయి. సాక్షి బోనులో నిలబడి “వాళ్లిద్దరూ కొట్టుకున్నారంట సార్” అనగానే అవతలి ప్లీడరు లేస్తాడు. అది వినికిడి సాక్ష్యం. చూసిన సంగతి చూసినవాడే చెప్పాలి, విన్న సంగతి విన్నవాడే చెప్పాలి అని 1872 నాటి సాక్ష్య చట్టం 60వ సెక్షన్ చెప్పేది. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది, ఈ సూత్రం మాత్రం అలాగే ఉంది. మినహాయింపులున్నాయి. మరణ వాంగ్మూలం అలాంటిదే, చెప్పిన మనిషి మళ్లీ వచ్చి బోనెక్కలేడు కదా.

ఇంకో మాట కూడా పిల్లలకు చెప్పండి. ముద్దాయి. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. మన దగ్గర అదే మాట కేసు పడ్డవాడికి అంటుకుంది. అక్కడ ఎదుటివాడిని ‘ముద్దా అలైహ్’ అంటారు, అదే మన నోట్లో నలిగి ఇలా అయిందని నా ఊహ. నిందితుడు, దోషి కూడా విడదీసి చెప్పండి. నింద పడగానే దోషి అనేయడం ఊళ్లో చాలా మామూలైపోయింది, అది నాకు బాధగా ఉంటుంది.

(ఉదయగిరి నుంచి)

‘అంట’ అంటే నమ్మకం లేదనే కదా వాడుక? మరి పోతన “పలికెడిది భాగవతమట, పలికించెడివాడు రామభద్రుండట” అన్నాడు. ఆయనకు నమ్మకం లేదా?

(కావలి నుంచి)

మంచి ప్రశ్న వేశారు. నమ్మకం, అనుమానం గొంతులో ఉంటాయి, ‘అట’లో కాదు అనుకుంటున్నాను. ‘అట’ చెప్పేది ఒక్కటే, ఈ మాటకు మూలం నేను కాదు అని. పోతన దగ్గర అది వినయమైంది. “చిన్నప్పుడు నేను తెగ ఏడ్చేదాన్నంట” అంటే మనమెవరం అనుమానించం. అది అమ్మ చూసింది, నేను అమ్మ కళ్లతో చెబుతున్నాను. “పెద్ద గొప్పోడంట!” అని దీర్ఘం తీస్తే మాత్రం వెటకారం. ఈ మూడూ రేపు క్లాసులో పలికించి చూపిస్తాను.

గుమాస్తా గారూ, ముద్దాయి మాటకు ధన్యవాదాలు. ‘దోషి’ విషయంలో మీ బాధ నాదీ.

ఒక చోట సాయం కావాలి. నవల చివర స్టీవ్ నిర్దోషి అని జ్యూరీ తేలుస్తుంది. సంతోషం పట్టలేక తన లాయరు వైపు చేతులు చాస్తాడు. ఆవిడ బిగుసుకుపోయి పక్కకు తిరిగిపోతుంది. తనను చూసినప్పుడు ఆవిడకు ఏం కనిపించిందా అని అతను నెలల తర్వాత కూడా ఆలోచిస్తూనే ఉంటాడు. పక్కకు తిరగడం అతను కళ్లారా చూశాడు, అక్కడ ‘అంట’ పెట్టలేం. ఎందుకు తిరిగిందో ఆవిడ చెప్పలేదు. “నేనంటే భయపడినట్టుంది” అని కొందరు పిల్లలు రాశారు. ఆ తల్లి పాత్ర రాసిన అమ్మాయి ఆ వాక్యం రాయనంది. “వాడు ఊహించడానికి కూడా భయపడుతున్నాడు మేడం” అంది. అక్కడ మీరైతే ఏ క్రియ పెడతారు?