అప్‌డేట్: ప్లేట్ల మీద కాలనీలు వచ్చాయి, తప్పు ఫ్రీజర్‌ది

వరి జన్యువు చేర్చిన ప్లాస్మిడ్‌ను (గుండ్రటి చిన్న డీఎన్‌ఏను) ఈ.కోలై బ్యాక్టీరియాలోకి ఎక్కిస్తుంటే మూడు వారాలుగా ప్లేట్ల మీద ఒక్క కాలనీ (బ్యాక్టీరియా గుంపు) కూడా రావడం లేదని అడిగింది నేనే. సమాధానాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

"ముందు కోయని పీయూసీ19 ప్లాస్మిడ్‌తో కంట్రోల్ పెట్టండి" అన్న సలహానే దారి చూపింది. అంటే, కత్తిరించని మామూలు ప్లాస్మిడ్‌ను ఎక్కించి, కణాలు బాగున్నాయో లేదో చూడటం. మా కణాల్లో అదీ సున్నాయే. పక్క ల్యాబ్‌లో అడిగి తెచ్చుకున్న కణాల్లో వందల కాలనీలు! మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ తలుపు రబ్బరు వెంట వేలెడు మందాన మంచు పేరుకుని, తలుపు సరిగా మూసుకోవడం లేదని మెకానిక్ తేల్చాడు. మా కాంపిటెంట్ కణాల (డీఎన్‌ఏను లోపలికి తీసుకునేలా సిద్ధం చేసిన బ్యాక్టీరియా) పెట్టె ఉన్నది సరిగ్గా ఆ తలుపు పక్కనే. చలి తగ్గి అవి పాడయ్యాయన్నమాట.

లైగేజ్ (డీఎన్‌ఏ ముక్కలను అతికించే ఎంజైము) బఫర్ మార్చడం, ప్లేట్లలో వేసే యాంటీబయాటిక్ యాంపిసిలిన్ కొత్తగా కలపడం, డీఎన్‌ఏ కణాల్లోకి వెళ్ళేందుకు ఇచ్చే 42 డిగ్రీల హీట్ షాక్ సమయం పెంచడం, ఇవేవీ అవసరమే లేదు. బఫర్ డబ్బులు దండగ.

కాల్షియం క్లోరైడ్‌తో కొత్త కణాలు తయారుచేసుకుని, అదే పాత లైగేషన్ (జన్యువును ప్లాస్మిడ్‌కు అతికించిన మిశ్రమం) ట్యూబు వాడితే మర్నాడు ఉదయం 41 కాలనీలు. పీసీఆర్ (జన్యువు ఉందో లేదో చూసే పరీక్ష) చేసిన ఎనిమిదింటిలో ఆరింటిలో జన్యువు ఉంది.

జన్యు ఇంజనీరు రోజంతా ఏమి చేస్తారని ఒకరు అడిగారు. కణాలకు ఐసు మీద అరగంట, 45 సెకన్ల వేడి, షేకర్‌లో గంట, ఆపై రాత్రంతా ఇంక్యుబేటర్. చేతిపని తక్కువ, కాపలా ఎక్కువ.

జన్యువు అక్షరక్రమం సరిచూసేందుకు నిన్ననే సీక్వెన్సింగ్‌కు పంపాను.